జిమ్ లీడర్ ఉన్నదే ఓడిపోవడానికి: థీమ్ ఉన్న టీమ్ ఎలా కట్టాలి?

పోయిన ఎపిసోడ్‌లో పోకెమాన్ టైప్ చార్ట్ గురించి మాట్లాడుకున్నాం. ఏది దేన్ని కొడుతుంది, ఏది దేనికి లొంగుతుంది అని. ఈరోజు టేబుల్‌కి అటువైపు కూర్చుందాం. అంటే మనం ఆటగాడు కాదు, ఎదురు నిలబడే జిమ్ లీడర్. మన దగ్గరికి ఒకడు బ్యాడ్జ్ కోసం వస్తాడు. వాడి కోసం టీమ్ కట్టాలి. ఆ టీమ్‌కి ఒక థీమ్ ఉండాలి. ఎలా?

ముందు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే ఈ ఎపిసోడ్ పుట్టిందే దాంట్లోంచి.

మా పిన్ని కొడుకు ఎనిమిదో తరగతి. పోయిన ఎండాకాలం సెలవుల్లో వాడూ నేనూ పోకెమాన్ షోడౌన్‌లో ఆడేవాళ్లం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అది బ్రౌజర్‌లోనే నడిచే ఉచిత బ్యాటిల్ సిమ్యులేటర్, ఫోన్‌లో కూడా నడుస్తుంది. "అన్నా, నువ్వు జిమ్ లీడర్‌గా ఉండు, నేను వచ్చి ఛాలెంజ్ చేస్తా" అన్నాడు. నేను రెండు రాత్రులు కూర్చుని వాన టీమ్ ఒకటి కట్టాను. వాడు ఏడుసార్లు వచ్చాడు, ఏడుసార్లూ ఓడిపోయాడు. ఏడోసారి తర్వాత "నాకు ఈ ఆట రాదులే అన్నా" అని ఒక్క మెసేజ్ పెట్టి మానేశాడు.

నాకు మొదట గర్వంగా అనిపించింది, నిజం చెప్పాలంటే. ఏడుకి ఏడు కదా. మూడు రోజులైనా వాడి దగ్గర్నుంచి మెసేజ్ రాకపోయేసరికి అర్థమైంది. నేను కట్టింది జిమ్ కాదు, గోడ.

అప్పుడు అసలు ఆటల్లో లీడర్లని ఎలా కట్టారో వెనక్కి వెళ్లి చూశాను. అక్కడ నేర్చుకున్నవి ఒక్కొక్కటిగా చెప్తాను.

మొదటి విషయం: తాళం పెట్టేముందు తాళంచెవి ఎక్కడుందో చూడు

1996లో జపాన్‌లో వచ్చిన మొట్టమొదటి పోకెమాన్ ఆటల్లో, రెడ్, గ్రీన్‌లలో, మొదటి లీడర్ బ్రాక్. రాళ్ల మనిషి. టీమ్‌లో రెండే: లెవెల్ 12 జియోడ్యూడ్, లెవెల్ 14 ఒనిక్స్. మీరు మొదట్లో బల్బసార్‌నో స్క్వర్టిల్‌నో తీసుకుంటే ఈ ఫైట్ నల్లేరు మీద బండి నడక. ఆ రెండూ రాక్, గ్రౌండ్ కలిసిన జీవాలు కాబట్టి నీళ్ల దెబ్బ, ఆకుల దెబ్బ నాలుగింతలు తగులుతాయి. చార్‌మాండర్ తీసుకున్నవాళ్లకే చిక్కు. రాయి మీద నిప్పు సగమే పనిచేస్తుంది.

మరి చార్‌మాండర్ వాళ్లని అన్యాయం చేసినట్టేనా? కాదు. ఒనిక్స్ నంబర్లు చూడండి. డిఫెన్స్ 160, కొండంత. కానీ అటాక్ 45 మాత్రమే. దారిలో దొరికే చిన్న పిట్ట పిడ్జీకి కూడా అంతే అటాక్. ఇక స్పెషల్ అయితే 30. నిప్పు దెబ్బ తగిలేది ఈ స్పెషల్ మీదే. అందుకే ఎంబర్ సగమే పనిచేసినా, ఆ సగం కూడా గట్టిగానే తగులుతుంది. పైగా బ్రాక్ ఊరికి వెళ్లే దారిలో అడవి ఉంది, అందులో క్యాటర్‌పీ అనే పురుగు దొరుకుతుంది. ఓపిగ్గా పెంచితే బటర్‌ఫ్రీ అవుతుంది, లెవెల్ 12కి కన్ఫ్యూజన్ నేర్చుకుంటుంది. అది కూడా స్పెషల్ దెబ్బే.

అంటే ఒనిక్స్ చూడ్డానికి కొండ, లోపల చిన్న తలుపు. ఆ తలుపు తాళంచెవి మీరు ఊళ్లో అడుగు పెట్టకముందే మీ దారిలో పడేశారు.

మూడో లీడర్ లెఫ్టినెంట్ సర్జ్ కరెంటు మనిషి. ఆ ఊరి పక్కనే డిగ్లెట్ గుహ. డిగ్లెట్ గ్రౌండ్ టైప్, దానికి కరెంటు దెబ్బ అసలు తగలదు. ఇది కాకతాళీయం కాదని నా నమ్మకం. లీడర్‌ని కట్టడం అంటే లీడర్ టీమ్‌ని మాత్రమే కట్టడం కాదు, ఆ ఊరికి వచ్చే దారిని కూడా కట్టడం.

రెండో విషయం: కష్టంగా ఉండొచ్చు, కానీ ఎందుకు ఓడిపోయామో తెలియాలి

పాత ఆటలు ఆడినవాళ్లకి విట్నీ పేరు చెప్తే చాలు. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్‌లలో మూడో లీడర్. నార్మల్ టైప్. టీమ్‌లో క్లెఫెయిరీ ఒకటి, లెవెల్ 20 మిల్‌ట్యాంక్ ఒకటి. గులాబీ రంగు ఆవు. చూస్తే నవ్వొస్తుంది. అది ప్రపంచంలో ఎంతమంది పిల్లల్ని ఏడిపించిందో లెక్కలేదు.

దాని చేతిలో నాలుగు ఎత్తులు. రోలౌట్ అంటే దొర్లుకుంటూ వచ్చి గుద్దడం. మొదటిసారి బలం 30. ఆ తర్వాత ప్రతి టర్న్ రెట్టింపు: 60, 120, 240, ఐదోసారి 480. మధ్యలో ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికి. రెండోది అట్రాక్ట్, ఎదుటివాడిది మగదైతే దాన్ని మైమరిపించి సగంసార్లు చేతులు కట్టేస్తుంది. మిల్‌ట్యాంక్ ఎప్పుడూ ఆడదే. మనం మొదట తీసుకునే స్టార్టర్లు ఎనిమిదింటిలో ఏడు వంతులు మగవే పుడతాయి. చూశారా లెక్క? ఆటగాడు ఎక్కువ ఇష్టంగా పెంచుకున్నదే ముందు ఇరుక్కుంటుంది. మూడోది మిల్క్ డ్రింక్, సగం ప్రాణం తిరిగి తెచ్చుకుంటుంది. నాలుగోది స్టాంప్, తొక్కుడు.

ఇక్కడ టైప్ ఒక్కటే థీమ్ కాదు. ఈ నాలుగూ ఒకదానికొకటి తోడు. అట్రాక్ట్ మన చేతులు కట్టేస్తుంది, ఆ సమయంలో రోలౌట్ పెరుగుతుంది, ఎలాగో దెబ్బ కొడితే పాలు తాగేస్తుంది. ఒక మాన్‌స్టర్ లోపలే పూర్తి ప్లాన్ ఉంది.

కానీ ఓడినవాడికి కారణం కళ్లముందే కనిపిస్తుంది. మొదటి దెబ్బ చిన్నది, రెండోది కొంచెం పెద్దది, మూడోది భయంకరం. "ఓహో, దొర్లనిస్తే చచ్చాం" అని చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. జవాబు కూడా అదే ఊళ్లో ఉంది. డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఒకతను డ్రౌజీ ఇస్తే మాచాప్ ఇస్తాడు. మాచాప్ ఫైటింగ్ టైప్. నార్మల్ మీద రెట్టింపు దెబ్బ కొడుతుంది, రోలౌట్ రాక్ టైప్ కాబట్టి ఆ దెబ్బ సగమే తింటుంది. పైగా మార్పిడిలో వచ్చింది కాబట్టి తొందరగా లెవెల్ పెరుగుతుంది.

సో, కష్టం వేరు, అన్యాయం వేరు. కష్టమైన ఫైట్‌లో ఓడితే "ఇంకోసారి ఇలా ట్రై చేద్దాం" అనిపిస్తుంది. అన్యాయమైన దాంట్లో ఓడితే "నాకు ఆట రాదు" అనిపిస్తుంది. మా తమ్ముడు నాకు పంపిన మెసేజ్ గుర్తుంది కదా.

మూడో విషయం: సరుకు ఉందో లేదో చూసుకుని థీమ్ పెట్టు

2006లో వచ్చిన డైమండ్, పర్ల్‌లలో ఎలైట్ ఫోర్‌లో ఫ్లింట్ అని ఒకడు. నిప్పు మాస్టర్, ఎర్రటి జుట్టు, మంటల్లాంటి మాటలు. టీమ్ చూస్తే ర్యాపిడాష్, ఇన్‌ఫర్‌నేప్ మాత్రమే నిప్పువి. మిగతా మూడు స్టీలిక్స్, లొపన్నీ, డ్రిఫ్‌బ్లిమ్. ఇనప పాము, కుందేలు, బెలూన్! ఎందుకిలా? ఆ ఆట ప్రాంతీయ పట్టికలో నిప్పు వంశాలే రెండు, స్టార్టర్ చిమ్‌చార్‌ది ఒకటి, పోనీటాది ఒకటి. వంటకం పేరు బోర్డు మీద రాశారు, వంటింట్లో సరుకు లేదు. 2008లో వచ్చిన ప్లాటినమ్‌లో పట్టిక పెంచి ఫ్లింట్‌కి హౌండూమ్, ఫ్లేరియాన్, మాగ్‌మోర్టార్ ఇచ్చారు. అప్పటికి గానీ అతను నిజంగా నిప్పు మాస్టర్ అవలేదు.

ఇదే ఇబ్బంది మొదటి ఆటల్లో లాన్స్‌కీ ఉంది. డ్రాగన్ మాస్టర్, కానీ అప్పట్లో డ్రాగన్ టైప్ ఉన్నది ఒక్క డ్రాటినీ వంశానికే. అక్కడ ఏం చేశారు? రెండు డ్రాగనైర్లు, ఒక డ్రాగనైట్, వాటి పక్కన గ్యారడోస్, ఏరోడాక్టిల్. ఈ రెండూ టైప్ ప్రకారం డ్రాగన్లు కావు. కానీ చూడండి, ఒకటి గర్జించే సముద్రసర్పం, ఇంకోటి రాతియుగం రెక్కల బల్లి. ఎవరికీ తేడా అనిపించదు.

ఫ్లింట్‌కీ లాన్స్‌కీ సమస్య ఒకటే, ఫలితం వేరు. టైప్ సరిపోకపోతే రూపం సరిపోవాలి. రూపం కూడా సరిపోకపోతే కనీసం ఆడే పద్ధతి సరిపోవాలి. ఈ మూడింట్లో ఒక్కటీ లేని మాన్‌స్టర్ టీమ్‌లో ఉంటే అది అద్దెకొచ్చినట్టు కనిపిస్తుంది.

నాలుగో విషయం: టీమ్ అంటే లిస్ట్ కాదు, పొత్తు

చాలామంది మొదట చేసేది ఇదే. "నాది వాటర్ జిమ్" అని ఆరు వాటర్ మాన్‌స్టర్లని వరసగా పెట్టేస్తారు. ఛాలెంజర్ దగ్గర ఒక్క మంచి కరెంటు మాన్‌స్టర్ ఉంటే ఆరూ ఒకే బటన్‌తో అయిపోతాయి. అది ఫైట్ కాదు, హాజరు పిలవడం.

2004 ఎమరాల్డ్‌లో టేట్, లైజా అనే కవలలు ఉన్నారు. డబుల్ బ్యాటిల్, అంటే ఒకేసారి రెండు దిగుతాయి. వాళ్ల క్లేడాల్ ఎర్త్‌క్వేక్ వాడుతుంది. డబుల్స్‌లో ఎర్త్‌క్వేక్ పక్కనున్న సొంత మనిషికి కూడా తగులుతుంది. కానీ వాళ్ల టీమ్‌లో జాటూ ఎగిరేది, లూనాటోన్, సోల్‌రాక్ గాల్లో తేలేవి. భూకంపం వాళ్లలో ఎవరికీ తగలదు, మన ఇద్దరికీ తగులుతుంది. ఒకరి బలం పక్కవాడికి నష్టం చేయకుండా కట్టారు. పొత్తు అంటే ఇది.

ఈ మధ్య ఆటల్లో నాకు బాగా నచ్చింది ఐయోనో. 2022 స్కార్లెట్, వయొలెట్‌లలో కరెంటు లీడర్, మనలాగే వీడియోలు చేసే స్ట్రీమర్. కరెంటుకి ఉన్న ఒకే ఒక్క వీక్‌నెస్ గ్రౌండ్. ఆమె చివర్లో దించేది మిస్‌మేజియస్ అనే దెయ్యం. ఆ ఆటలో టెరాస్టల్ అనే పద్ధతితో టైప్ మార్చొచ్చు. దాన్ని కరెంటు టైప్ చేస్తుంది. దానికి లెవిటేట్ ఉంది, గాల్లో తేలుతుంది కాబట్టి గ్రౌండ్ దెబ్బ తగలదు. అంటే వీక్‌నెస్సే లేదు!

మరి ఇది అన్యాయం కాదా అంటారా? కాదు. ముందు వచ్చే బెల్లీబోల్ట్, లక్సియోల మీద మీ గ్రౌండ్ దెబ్బ చక్కగా పనిచేస్తుంది. ఆఖరిది మాత్రమే షాక్ ఇస్తుంది. దానికి కూడా కొట్టే బలమే గానీ తట్టుకునే బలం పెద్దగా లేదు, టైప్‌తో సంబంధం లేకుండా గట్టిగా కొడితే పడిపోతుంది. అంటే ఒక్క ట్విస్ట్, అది కూడా ఆఖర్లో. ప్రతి సీన్‌లో ట్విస్ట్ పెడితే సినిమా అర్థం కాదు కదా, అలాగే.

ఐదో విషయం: లీడర్‌కి ఒక లయ ఉండాలి

2002 రూబీ, సఫైర్‌లలో ఐదో లీడర్ నార్మన్, ఆటలో మన నాన్నే. అతని దగ్గర స్లేకింగ్ ఉంటుంది. దాని స్టాట్స్ మొత్తం కూడితే 670. రూబీ కవర్ మీద ఉండే గ్రౌడాన్‌ది కూడా 670. అంటే లెజెండరీ అంత బలం. కానీ దానికి ట్రూఅంట్ అనే గుణం ఉంది, పచ్చి బద్ధకం. ఒక టర్న్ కొడుతుంది, ఒక టర్న్ పడుకుంటుంది. అది కొట్టే టర్న్‌లో మీరు ప్రొటెక్ట్ వేసుకునో, డిగ్‌తో భూమిలోకి దూరో తప్పించుకుని, పడుకున్నప్పుడు కొడితే చాలు. లయ పట్టుకున్నవాడికి గెలుపు. కొండంత శత్రువుని పెట్టాలనుకుంటే వాడికి ఒక ఊపిరి తీసుకునే టైమ్ పెట్టాలి. మనకి సందు దొరికేది అక్కడే.

ఇప్పుడు నా వాన జిమ్ సంగతి

నా మొదటి టీమ్ ఇది. ముందు పెలిప్పర్. దానికి డ్రిజిల్ ఉంది, దిగగానే వాన మొదలవుతుంది. మామూలుగా 5 టర్న్‌లు. నేను చేతిలో డ్యాంప్ రాక్ పెట్టాను, 8 టర్న్‌లు. వానలో నీళ్ల దెబ్బ ఒకటిన్నర రెట్లు, నిప్పు దెబ్బ సగం. వెనక కింగ్‌డ్రా, లూడికోలో. రెండింటికీ స్విఫ్ట్ స్విమ్, వానలో వేగం రెట్టింపు. తర్వాత టాక్సిక్రోక్, డ్రై స్కిన్ వల్ల వానలో ప్రతి టర్న్ ప్రాణం పెరుగుతుంది. ఇంకా లాంటర్న్, ఫెరోథార్న్. మొత్తం ఆరు. వాన ఆగిపోయే టైమ్‌కి పెలిప్పర్‌ని మళ్లీ లోపలికి మార్చేవాణ్ణి, మళ్లీ వాన.

మా తమ్ముడికి ప్రాణమైన మాన్‌స్టర్ చారిజార్డ్. నిప్పు, రెక్కలు. నా జిమ్‌లో దానికి నిప్పు సగం, ఎదుటివాళ్లు దానికంటే వేగం, ఒక్క నీళ్ల దెబ్బకి పోయేది. వాడు ఐదోసారి సన్నీ డే నేర్పించి తెచ్చాడు, ఎండ రప్పించాడు. తెలివైన ఆలోచన. నేనేం చేశాను? నవ్వుకుని పెలిప్పర్‌ని దించాను. మళ్లీ వాన. వాడు సరైన జవాబు రాశాడు, నేను పేపర్ చింపేశాను.

ఇది అర్థమయ్యాక మొత్తం మార్చాను. డ్యాంప్ రాక్ తీసేశాను, వాన 5 టర్న్‌లే. లీడర్ మధ్యలో మాన్‌స్టర్లని మార్చకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నాను. ఆరు కాస్తా నాలుగయ్యాయి: పెలిప్పర్, లాంటర్న్, టాక్సిక్రోక్, ఆఖర్లో లూడికోలో. పెలిప్పర్‌ని కరెంటుతో కొట్టొచ్చు, నాలుగింతలు. అదే కరెంటుతో లాంటర్న్ దగ్గరికి వెళ్తే వోల్ట్ అబ్జార్బ్‌తో తాగేస్తుంది, అప్పుడు గ్రాస్ కావాలి. ఆ గ్రాస్‌ని టాక్సిక్రోక్ సగమే తింటుంది. ఒక్క బటన్ ఆట కుదరదు, కానీ ప్రతిదానికీ జవాబుంది.

లీడర్‌కి ముందు ఇద్దరు జూనియర్లని కూడా పెట్టాను. మొదటివాడి దగ్గర ఒక్క లోటాడ్, రెయిన్ డాన్స్‌తో వాన తెప్పిస్తుంది, వేగంగా కదులుతుంది, 5 టర్న్‌లకి వాన ఆగి నెమ్మదిస్తుంది. రెండోవాడి దగ్గర క్రోగంక్, వానలో కోలుకుంటుంది, ఎండలో అదే డ్రై స్కిన్ దానికే నష్టం. అంటే లీడర్ పరీక్ష పెట్టేముందు పాఠం చెప్పడం. పోకెమాన్ గో ఆడేవాళ్లు చూసే ఉంటారు, రాకెట్ గ్రంట్లు ఫైట్‌కి ముందు ఒక మాట అంటారు, దాన్నిబట్టి వాళ్ల టైప్ పట్టుకోవచ్చు. నేనూ ఒక డైలాగ్ రాసుకున్నా: "వాన ఉన్నంతసేపే నేను రాజుని."

వాడికి ఫోన్ చేసి "జిమ్ రిపేర్ చేశానురా, ఒక్కసారి రా" అన్నాను. బతిమాలితే వచ్చాడు. మొదటిసారి ఓడిపోయాడు. కానీ ఈసారి మానేయలేదు. "ఆగన్నా ఆగు, ఇంకోసారి" అన్నాడు. ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది.

రెండోసారి ఆఖర్లో నా లూడికోలో, వాడి చారిజార్డ్ మిగిలాయి. అప్పటికి మొదటి వాన ఆగిపోయింది, నా లూడికోలో దిగగానే రెయిన్ డాన్స్ వేసింది. వాడు అదే టర్న్‌లో ముందు ప్రొటెక్ట్ వేసుకున్నాడు, దెబ్బ వస్తుందనుకుని. వేస్ట్ అయింది. తర్వాతి టర్న్ వానలో లూడికోలోదే వేగం. నా హైడ్రో పంప్ గురి తప్పింది. ఇది నిజంగా అదృష్టమే, దాచను. వాడు ఆ సందులో సన్నీ డే వేశాడు. ఎండ వచ్చింది, లూడికోలో వేగం మామూలుకి దిగింది, నీళ్ల దెబ్బ సగమైంది. ఆ తర్వాత రెండు ఎయిర్ స్లాష్‌లు. లూడికోలో వాటర్, గ్రాస్ కాబట్టి రెక్కల దెబ్బ రెట్టింపు తగిలింది. అయిపోయింది.

అటు నుంచి ఐదు నిమిషాలు ఒకటే అరుపు. పిన్ని వచ్చి తిట్టింది కూడా. నేను ఓడిపోయాను, కానీ ఆ ఏడు గెలుపుల్లో రాని ఆనందం అప్పుడొచ్చింది.

కాబట్టి టీమ్ కట్టాక ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి. దీనికి జవాబు ఎక్కడ దొరుకుతుంది? ఓడినవాడికి కారణం కనిపిస్తుందా? థీమ్‌కి సరిపడా సరుకుందా? ఒకరికొకరు తోడున్నారా? ఊపిరి తీసుకునే టైమ్ ఉందా? ఆరోది నేను కలుపుతున్నా: వచ్చేవాడికి ఇష్టమైన మాన్‌స్టర్‌కి ఈ ఫైట్‌లో చేయడానికి ఏమైనా పనుందా? మా వాడి చారిజార్డ్‌కి ముందు లేదు, తర్వాత ఉంది. తేడా అంతా అదే.

ఇప్పుడు వాడే ఒక జిమ్ కడుతున్నాడు. థీమ్ ఏంటో చెప్పట్లేదు, ఆదివారం రమ్మన్నాడు. ఓడిపోతే వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను, గెలిస్తే కూడా చెప్తాను. అప్పటిదాకా మీ ఇంట్లో మీకంటే చిన్నవాళ్ల కోసం ఒక జిమ్ కట్టి చూడండి. ఉంటాను మరి.